సైకిల్ నిర్మాణం – 4వ పాఠం: ముందు ఫోర్కు వంపు

టైరులో గాలి ఎంత ఉండాలో గత పాఠంలో చూశాం. గాలి సరిచేసుకున్న తరువాత కూడా గతుకుల రోడ్డు మీద అరచేతులు తిమ్మిరెక్కుతుంటే, ఇక పరిశీలించవలసింది ముందు ఫోర్కునే.

మన పాత 28 అంగుళాల సైకిలుకు ఫోర్కు కాళ్లు కిందికి వచ్చేసరికి ముందుకు వంగి ఉంటాయి. ఆ వంపే స్ప్రింగులా కుదుపును మింగేస్తుందని చాలామంది అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే నమ్మాను. అయితే కుదుపు తగ్గడానికి అసలు కారణం వంపు కాదు, ఫోర్కు ఏటవాలు. కింది నుంచి నిలువుగా తగిలే దెబ్బ గొట్టం పొడవు వెంబడి పాకినంతవరకు ఏమాత్రం తగ్గకుండా హ్యాండిల్‌కు చేరుతుంది. గొట్టానికి అడ్డంగా పడిన భాగం మాత్రమే దానిని కాస్త వంచి, ఆ మేరకు మెత్తబడుతుంది. ఫోర్కు నేలతో 73 డిగ్రీల కోణంలో ఉంటే అలా అడ్డంగా పడేది దెబ్బలో 29 శాతం, 67 డిగ్రీలైతే 39 శాతం. గొట్టం లావు కూడా ముఖ్యమే: రేకు మందం మారకుండా లావు రెట్టింపైతే వంగకుండా నిలిచే బిగువు సుమారు ఎనిమిది రెట్లవుతుంది. మంచి ఫోర్కు కాళ్లు కిందికి పోనుపోను సన్నబడేది అందుకే.

మరి వంపు ఎందుకు? హ్యాండిల్ తిరిగే గొట్టం మధ్యగీతను నేల దాకా పొడిగిస్తే అది తాకే చోటుకూ, టైరు నేలను తాకే చోటుకూ మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. ఇది మరీ పెరిగితే నెమ్మదిగా వెళ్లేటప్పుడు హ్యాండిల్ బరువెక్కుతుంది. 67 డిగ్రీల ఏటవాలులో 355 మి.మీ. వ్యాసార్ధం గల చక్రానికి వంపు లేని ఫోర్కు పెడితే ట్రెయిల్ 150 మి.మీ. వస్తుంది; ఇరుసును 75 మి.మీ. ముందుకు జరిపితే 70కి దిగుతుంది. అంత ఏటవాలు పెట్టుకునే వీలు కల్పించడమే సుఖప్రయాణంలో వంపు వంతు.

ఈ వారం అభ్యాసం: సైకిలును గోడవారగా నిటారుగా నిలిపి, హెడ్ ట్యూబు (హ్యాండిల్ తిరిగే గొట్టం) పక్కన దాని మధ్యగీత వెంబడే ఒక పొడవాటి కర్రను నేల దాకా పట్టుకుని, తాకినచోట సుద్దతో గీయండి. దారానికి బరువైన నట్టు కట్టి ఇరుసు నుంచి వేలాడదీసి, అది నిలిచినచోట ఇంకో గీత గీయండి. రెండు గీతల మధ్య దూరమే మీ ట్రెయిల్. తరువాత ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకు వెనక్కు ఊపుతూ, ఫోర్కు పైభాగమూ హెడ్ ట్యూబు కింది కప్పూ కలిసే అతుకు మీద వేలు ఆనించండి. వేలికి టకటక తగిలితే అది ఫోర్కు వంగడం కాదు, ఆ కప్పులోని బేరింగు గోళీల దగ్గర వదులు. దాన్ని బిగించాకే ఫోర్కు సంగతి చూడాలి.