రైస్ మిల్లుకు మంచి పేరు రావాలంటే: కాటా, బస్తా, కూలి పద్దు

నెల్లూరు జిల్లాలో రబీ కోతలు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక్కసారిగా మీద పడతాయి. అప్పుడు రైతు ట్రాక్టర్ ఏ మిల్లు గేటు ముందు ఆపుతాడు, హమాలీల ముఠా ముందుగా ఎవరికి మాటిస్తుంది అన్నదే ఆ మిల్లు పేరు. క్యాలెండర్లు పంచితే రాదది.

గొడవలు ఎక్కువగా పుట్టేది తరుగు దగ్గర, అంటే వడ్ల తేమకని తూకంలో కోసే బరువు దగ్గర. ఎడగారు (రబీ తర్వాత వేసే పంట) వడ్లు వానలో తడిసి వచ్చినప్పుడైతే మరీనూ. తరుగు నోటిమాటగా చెప్పకండి, లెక్క గోడ మీద రాయించండి. 17 శాతం తేమకు ధర కట్టారనుకుందాం. నూటిలోంచి తేమ తీసేసి, మిగిలిన ఎండు గింజను 83తో (నూటిలో 17 పోను మిగిలేది) భాగించాలి. 20 శాతం తేమున్న పుట్టి, అంటే 850 కిలోలు, 850 × 80 ÷ 83 ప్రకారం 819 కిలోలకు వస్తుంది. తరుగు 31 కిలోలు. శాతానికి కిలో చొప్పున కోసే మిల్లు నూరు కిలోలకు 3 కిలోలే తీస్తుంది, నిజానికి పోయేది 3.6. ఆ తేడాను మచ్చు (నమూనా గింజ) పేరుతోనో, కాటాలోనో రాబట్టుకోవాలని చూస్తుంది. మోసం మొదలయ్యేది ఇలాంటి తప్పు లెక్కతోనే.

తేమ మీటరుకు గింజ తీసేటప్పుడు పైన, మధ్యన, అడుగున తీసి కలపండి. ఎండలో నిలబడ్డ లోడులో పైపొర ఆరిపోయి ఉంటుంది, అడుగున తడి ఉంటుంది. ఒక్కచోటే తీస్తే ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది. మూడుసార్లు పెట్టి సగటు రాయండి, రైతు చూస్తుండగానే. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికల శాఖ ముద్ర ఏటా వేయించాలి. సంచి బరువు ఊహించి తీసేయకుండా పది ఖాళీ సంచులు కలిపి తూచి సగటు కట్టండి. గోనెకూ ప్లాస్టిక్‌కూ చాలా తేడా ఉంటుంది.

బియ్యం కొనేవాళ్ల సంగతి వేరు. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబులు వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడటంతో 26 కిలోల బస్తాలు వచ్చాయి. సంచి బరువు పోను 26 ఉండాలి. బస్తా మీద ఏ పంట, ఏ నెల మిల్లింగ్ అన్నది అచ్చు వేయించండి. కొత్త బియ్యంలో పాతవి కలిపితే మాత్రం దాగదు. పాతవి నీళ్లు ఎక్కువ పీలుస్తాయి, కొత్తవి ముద్దవుతాయి, ఒకే గిన్నెలో సగం పలుకు, సగం జావ. ప్రతి లాటులో అరకిలో డబ్బాలో పోసి తేదీ రాసి మూడు నెలలు దాచండి. ఫిర్యాదు వస్తే ఆ బియ్యం, దాచిన బియ్యం రెండూ పక్కపక్కన వండి చూపించవచ్చు. తప్పు మీదైతే బస్తా విప్పి వాడినా వెనక్కి తీసుకోండి, వాదించకండి.

హమాలీలకు బస్తా లెక్కన కూలి కాబట్టి మేస్త్రి పద్దు, గుమాస్తా పద్దు రెండూ ఉండాలి. సాయంత్రం వాళ్లు స్నానానికి వెళ్లకముందే సరిచూసి సంతకాలు చేయించండి. మర్నాటికి వదిలేస్తే నలభై బస్తాల తేడా ఎప్పటికీ తేలదు. నెలజీతగాళ్లకు ఏడో తేదీలోపు జీతం అందాలి, అదనపు గంటలకు రెట్టింపు ఇవ్వాలి.

పనివాళ్లు పదిమంది ఉంటే ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా), ఇరవైమంది ఉంటే పీఎఫ్ (భవిష్య నిధి) కట్టాలి. ఈఎస్ఐకి నెలకు 21,000 వరకు జీతమున్నవాళ్ల నుంచి 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ముఠా కాంట్రాక్టరుదని చెప్పి వాళ్లను ఈఎస్ఐలో ఎక్కించకపోతే, ఎలివేటర్ బెల్టులో చెయ్యి పడిన రోజున ఆసుపత్రి ఖర్చూ మీదే, చెడ్డపేరూ మీదే. బెల్టులకు కంచెలు, తవుడు గది దగ్గర మాస్కులు, ఆడవాళ్లకు తలుపు గడియ సరిగా పడే మరుగుదొడ్డి ఇవన్నీ ఒక లారీ బియ్యం లాభంలో తేలిపోయే పనులే.

అడ్వాన్సుతో మనిషిని కట్టేసే అలవాటు మానుకోవాలి. పండక్కి ఇచ్చిన సొమ్మును వారానికి ఇంతని ముందే చెప్పి, పద్దులో మిగులు కనిపించేలా రాసి కోసుకోండి. బాకీ ఎంతో తెలియని మనిషి కోతలు మొదలవగానే పక్క మిల్లుకు వెళ్లిపోతాడు, మీ అడ్వాన్సు అక్కడి యజమాని తీరుస్తాడు.