వెబ్‌పుట మీద అంకెల బొమ్మలు – 4వ పాఠం: రాడార్ చార్టు

గడచిన పాఠంలో ఒక చెరువులోని డీవో, అంటే నీటిలో కరిగిన ప్రాణవాయువు, రోజంతా ఎలా మారుతుందో గీత చార్టుగా గీయడం నేర్చుకున్నాము. అక్కడ ఒకే కొలత, అనేక సమయాలు. ఈ పాఠంలో అందుకు భిన్నమైన అవసరం ఉంది: ఒకే సమయానికి సంబంధించిన అనేక కొలతలను ఒకే బొమ్మలో చూపాలి. భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాల్లో వెనామీ రొయ్య సాగుచేసే రైతు చేతికి ల్యాబు నుంచి వచ్చే నీటి పరీక్ష చీటీలో డీవో, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి), అమ్మోనియా, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) వంటివన్నీ ఒకదాని కింద ఒకటిగా ఉంటాయి. వాటిని విడివిడిగా చదివితే చెరువు స్థితి ఒక్క చూపులో తెలియదు. ఆ ఒక్క చూపును ఇవ్వడానికి రాడార్ చార్టు ఉపయోగపడుతుంది. ఇందులో ఒక్కో కొలతకు కేంద్రం నుంచి బయటికి ఒక గీత, అంటే అక్షం, ఉంటుంది; అక్షాల మీది బిందువులను కలిపితే ఒక ఆకారం వస్తుంది. దీనినే సాలెగూడు చార్టు అని కూడా అంటారు. ఈ పద్ధతి కొత్తది కాదు. జర్మనీకి చెందిన గణాంక శాస్త్రవేత్త గియోర్గ్ ఫాన్ మాయర్ 1877లోనే ఇటువంటి బొమ్మను వాడారు.

గీయడం సులభమే. గీయడానికి ముందు అంకెలను సిద్ధం చేయడమే కష్టం, ముఖ్యం కూడా. డీవోను పీపీఎంలలో, అంటే పది లక్షల భాగాలలో ఎన్ని భాగాలో, పారదర్శకతను, అంటే నీటిలో ఎంత లోతు వరకు కనిపిస్తుందో, సెంటీమీటర్లలో, ఉష్ణోగ్రతను డిగ్రీలలో కొలుస్తాము. పీహెచ్‌కు ప్రమాణమే (యూనిట్) లేదు. వీటిని ఉన్నవి ఉన్నట్టుగా ఒకే కేంద్రం నుంచి గీస్తే ఆల్కలినిటీ 120 దగ్గర ఆకాశాన్ని తాకుతుంది, అమ్మోనియా 0.03 దగ్గర కేంద్రంలోనే కూరుకుపోతుంది. అందుచేత ప్రతి కొలతను 0 నుంచి 100 వరకు ఉండే మార్కుగా మార్చుకోవాలి. మనం డీవో, పీహెచ్, అమ్మోనియా, ఉష్ణోగ్రత, ఆల్కలినిటీ, పారదర్శకత అన్న ఆరు అక్షాలు తీసుకుందాము. ఎక్కువ మార్కు అంటే చెరువుకు మేలు అన్న అర్థం ఆరు అక్షాలకూ సమానంగా ఉండాలి.

మార్చే పద్ధతి మూడు రకాలుగా ఉంటుంది. డీవో ఎక్కువగా ఉంటే మేలు కనుక, ఈ పాఠం కోసం 3 పీపీఎంకు 0 మార్కులు, 5 పీపీఎం, ఆపైన ఎంత ఉన్నా 100 మార్కులు అనుకుందాము. మధ్యలో సమానంగా పెరుగుతుంది కాబట్టి 4.5 పీపీఎంకు 75 మార్కులు వస్తాయి. విషరూపంలో ఉండే అమ్మోనియా తక్కువగా ఉంటే మేలు కనుక దానికి తిరగవేసిన లెక్క కావాలి: 0కు 100 మార్కులు, 0.1 పీపీఎంకు 0 మార్కులు, కాబట్టి 0.03కు 70. పీహెచ్ విషయంలో ఎక్కువైనా తక్కువైనా ప్రమాదమే. 7.5 నుంచి 8.5 వరకు పూర్తి 100 ఇచ్చి, పైన 9.5 దగ్గర, కింద 6.5 దగ్గర 0కు చేరేలా రెండు వైపులా తగ్గించాలి. అప్పుడు పీహెచ్ 8.9కి 60 మార్కులు వస్తాయి. పారదర్శకత, ఉష్ణోగ్రత కూడా ఈ మూడవ రకానికే చెందుతాయి. నిజమైన రైతుల కోసం చార్టు తయారుచేసేటప్పుడు ఈ హద్దులను ఆక్వా సాంకేతిక నిపుణులతో మాట్లాడి ఖరారు చేసుకోవాలి, ఎందుకంటే ఇక్కడ పెట్టిన ఒక్క అంకె మారితే చార్టు చెప్పే తీర్పే మారిపోతుంది.

నీటి ఉప్పదనానికి నేను అక్షం ఇవ్వలేదు. వెనామీ చాలా విస్తృతమైన ఉప్పదనంలో బతకగలదు. మొగల్తూరు వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న చెరువుకూ, ఉండి వైపు లోపలి చెరువుకూ ఒకే మంచి విలువను నిర్ణయించి మార్కులు వేయడం న్యాయం కాదు. అటువంటి కొలతను బొమ్మ పక్కన అక్షరాలలో రాస్తే సరిపోతుంది.

ఇప్పుడు అక్షాల వరుస. చాలామంది దీనిని పట్టించుకోరు కానీ రాడార్ చార్టులో అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైన విషయం ఇదే. ఆరు అక్షాల మార్కులు వరుసగా 100, 20, 100, 20, 100, 20 అనుకోండి. అవే మార్కులను 100, 100, 100, 20, 20, 20 అని వరుస మార్చి గీస్తే ఆకారం వైశాల్యం రెట్టింపుకు మించి పెరుగుతుంది. బహుభుజి వైశాల్యం పక్కపక్కన ఉన్న మార్కుల లబ్ధాల మొత్తాన్ని బట్టి ఉంటుంది. మొదటి వరుసలో ఆ మొత్తం 12,000, రెండవ వరుసలో 24,800. చెరువు మారలేదు, నీరు మారలేదు, కంటికి కనిపించే మేలు మాత్రం రెట్టింపయింది. కనుక వరుసను అందం కోసం కాక సంబంధం కోసం ఎంచుకోవాలి. పీహెచ్, ఉష్ణోగ్రత పెరిగినప్పుడు నీటిలోని మొత్తం అమ్మోనియాలో విషరూపం వాటా పెరుగుతుంది కాబట్టి పీహెచ్, అమ్మోనియా, ఉష్ణోగ్రతలు పక్కపక్కన ఉండాలి. ప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మమైన మొక్కలు, దట్టమై పారదర్శకత పడిపోతే రాత్రివేళ డీవో పడిపోతుంది కాబట్టి ఆ రెండూ పక్కపక్కన ఉండాలి. పైనుంచి గడియారం తిరిగే దిశలో డీవో, పీహెచ్, అమ్మోనియా, ఉష్ణోగ్రత, ఆల్కలినిటీ, పారదర్శకత అన్న వరుస ఈ రెండు షరతులనూ తీరుస్తుంది. ఒకసారి నిర్ణయించిన వరుసను అన్ని చెరువులకూ, అన్ని రోజులకూ మార్చకుండా ఉంచాలి.

గీయడానికి ఎస్‌వీజీని, అంటే వెబ్‌పుటలో గీతలను, ఆకారాలను వర్ణించే భాషను, వాడదాము. కేంద్రం అడ్డంగా 200, నిలువుగా 200 దగ్గర, బయటి వ్యాసార్థం 140 అనుకుందాము. ఆరు అక్షాలు కనుక ఒక్కో అక్షానికి 60 డిగ్రీల ఎడం వస్తుంది. మొదటి అక్షం నిట్టనిలువుగా పైకి ఉండాలంటే ప్రతి కోణం నుంచి 90 డిగ్రీలు తీసివేయాలి. ఎస్‌వీజీలో నిలువు కొలత కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది కాబట్టి కోణం పెరిగేకొద్దీ గడియారం దిశలోనే తిరుగుతాము. మార్కును 100తో భాగించి 140తో హెచ్చవేస్తే కేంద్రం నుంచి దూరం వస్తుంది. ఆ దూరాన్ని కోణం కొసైన్‌తో హెచ్చవేసి 200 కలిపితే అడ్డం స్థానం, సైన్‌తో హెచ్చవేసి 200 కలిపితే నిలువు స్థానం. తెల్లవారుజామున డీవో 75 మార్కులు అయితే దూరం 105, స్థానం 200, 95. మధ్యాహ్నం పీహెచ్ 60 మార్కులు అయితే దూరం 84, కోణం మైనస్ 30 డిగ్రీలు, స్థానం 272.7, 158. జావాస్క్రిప్ట్‌లోని సైన్, కొసైన్‌లు డిగ్రీలను కాక రేడియన్లను అడుగుతాయి కనుక కోణాన్ని పై (π) విలువతో హెచ్చవేసి 180తో భాగించడం మరవకూడదు. ఆరు బిందువులనూ పాలిగాన్ మూలకానికి ఇస్తే చివరి బిందువును మొదటిదానితో అదే కలుపుతుంది; పాలీలైన్ అలా కలపదు.

పైన తెల్లవారుజాము, మధ్యాహ్నం అని రెండు సమయాలను తీసుకోవడానికి కారణం ఉంది. పగలు ప్లవకాలు కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకుని ప్రాణవాయువును విడుదల చేయడం వల్ల మధ్యాహ్నానికి డీవో, పీహెచ్ రెండూ పెరుగుతాయి. రాత్రంతా శ్వాసక్రియ సాగి తెల్లవారుజామున డీవో అట్టడుగుకు చేరుతుంది. ఒకే చెరువుకు ఈ రెండు ఆకారాలను ఒకదానిపై ఒకటి గీస్తే, ఒకటి డీవో వైపు కుంగి, మరొకటి పీహెచ్ వైపు కుంగి కనిపిస్తుంది. ఏరియేటర్లను, అంటే నీటిలో గాలి కలిపే యంత్రాలను, ఎప్పుడు తిప్పాలో ఆలోచించే రైతుకు ఇంతకంటె ఉపయోగమైన పోలిక లేదు.

ఇక అలంకరణ. వెనుక వలను 25, 50, 75, 100 మార్కుల దగ్గర, అంటే 35, 70, 105, 140 వ్యాసార్థాలతో, సన్నని లేత బూడిద రంగు షడ్భుజులుగా గీయాలి. తెల్లవారుజాముకు నీలం, మధ్యాహ్నానికి నారింజ రంగు ఇవ్వండి. రంగులను వేరుచేసి చూడలేనివారికి కూడా ఈ జంట సాధారణంగా విడిగానే కనిపిస్తుంది. అయినా నలుపు తెలుపు ప్రింటు తీసేవారి కోసం ఒక గీతను తెగిన గీతగా మార్చడం మంచిది. లోపలి రంగు గాఢత (1 అంటే పూర్తి దట్టం) 0.15కు మించకూడదు. మార్కులు రెట్టింపయితే వైశాల్యం నాలుగింతలవుతుంది కనుక దట్టమైన రంగు తేడాను ఉన్నదానికంటె పెద్దదిగా చూపుతుంది. గీతే ప్రధానంగా కనిపించాలి. మూడుకు మించి ఆకారాలను ఒకే వల మీద వేయవద్దు. ఐదు చెరువులు ఉంటే ఐదు చిన్న చార్టులను పక్కపక్కన పెట్టండి.

తెలుగు పేర్ల విషయంలో ఇంగ్లీషు ఉదాహరణలను చూసి రాసిన కొలతలు సరిపోవు. పేర్లను 160 వ్యాసార్థం దగ్గర ఉంచి, పైన, కింద ఉన్నవాటిని మధ్యకు, కుడివైపువి మొదటి అక్షరం దగ్గరకు, ఎడమవైపువి చివరి అక్షరం దగ్గరకు ఆనించాలి. అలా చేసినా కుడి అంచు దగ్గర 60 పిక్సెళ్లే మిగులుతాయి. అమ్మోనియా అన్న పదమే అక్కడ తెగిపోవచ్చు. అందుకని బొమ్మ చట్రాన్ని రెండు వైపులా 80 చొప్పున వెడల్పు చేసి, వ్యూబాక్స్‌ను, అంటే బొమ్మలో కనిపించే భాగాన్ని చెప్పే అంకెలను, అడ్డంగా మైనస్ 80 నుంచి మొదలుపెట్టి 560 వెడల్పు ఇవ్వాలి. పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కనుక రెండు వరుసల పేరుకు అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఎడం ఉంచాలి. ప్రతి పేరు కింద అసలు కొలతను, ఉదాహరణకు 4.5 పీపీఎం అని, తప్పక రాయండి. మార్కు చూసి మందు వేసే రైతు ఉండడు.

ఏదైనా పరీక్ష చేయకపోతే ఆ అక్షం మీద 0 పెట్టకూడదు. సున్నా అంటే ప్రమాదం అని అర్థం, తెలియదు అని కాదు. అక్కడ గీతను తెంచి, పేరు పక్కన పరీక్ష చేయలేదు అని రాయాలి.

చార్ట్ జేఎస్ వంటి లైబ్రరీతో, అంటే ముందే రాసిపెట్టిన కోడుతో, ఇదంతా కొద్ది వరుసల్లో వస్తుంది. అయితే వలయపు కొలతకు కనిష్ఠం 0, గరిష్ఠం 100 అని మీరే చెప్పాలి. చెప్పకపోతే అంకెలను బట్టి అది తానే నిర్ణయించుకుంటుంది, రెండు చెరువుల చార్టులను పోల్చడానికి వీలుండదు.

అభ్యాసం: తెల్లవారుజామున డీవో 4.5, పీహెచ్ 8.1, అమ్మోనియా 0.02, మధ్యాహ్నం డీవో 6.8, పీహెచ్ 8.9, అమ్మోనియా 0.05 అనుకుని, మిగిలిన మూడు అక్షాలకూ రెండు పూటలా 80 మార్కులు ఇచ్చి, పన్నెండు బిందువులను ముందు కాగితం మీద లెక్కకట్టండి. తరువాత ఎస్‌వీజీలో గీసి సరిచూసుకోండి. ఐదవ పాఠంలో ఈ బిందువులపై వేలు ఆనించినప్పుడు అసలు కొలత కనిపించేలా చేయడం, ఫోను తెరకు తగినట్టు బొమ్మను కుదించడం నేర్చుకుందాము.