గోదావరి లంకల ముంపును అనుగాతో లెక్కగట్టడం ఎలా?

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఏ అంకెకు ఏ లంక మునుగుతుందో కంప్యూటర్లో చూడాలంటే ‘అనుగా’ సరిపోతుంది. జియోసైన్స్ ఆస్ట్రేలియా, ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ కలిసి తయారుచేసిన ఓపెన్ సోర్స్ పైథాన్ సాఫ్ట్‌వేర్ ఇది. నేలను త్రికోణాలుగా విడగొట్టి, ఒక్కోదాంట్లో నీటిమట్టం, ప్రవాహం లెక్కిస్తుంది.

ముందు అనుగాను కాండా-ఫోర్జ్ అనే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల భాండారం నుంచి ఇన్‌స్టాల్ చేయండి, మ్యాపులకు క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్. డేటా అంతా యూటీఎం (స్థానాలను మీటర్లలో చెప్పే మ్యాపు పద్ధతి) 44 ఉత్తర జోన్‌లోకి మార్చండి. డిగ్రీల్లో వదిలేస్తే వాటినే మీటర్లనుకుని లెక్క కడుతుంది.

తర్వాత నేల ఎత్తు. సగం పని ఇక్కడే. కోపర్నికస్ 30 మీటర్ల డెమ్ (ఉపగ్రహం కొలిచిన ఎత్తుల డిజిటల్ పటం) ఉచితమే కానీ, కోనసీమలో దానికి కనిపించేది కొబ్బరి మట్టలు, నేల కాదు. తోట మెరకలా తేలి, నీళ్లు దాన్ని చుట్టుకుపోతాయి. చెట్లు, ఇళ్ల ఎత్తు తగ్గించిన ఫాబ్‌డెమ్ మేలు (వ్యాపారేతర పనులకే ఉచితం). అయినా తోట ఎత్తు పక్క వరిచేను కంటే రెండు మీటర్లు ఎక్కువుంటే అనుమానించండి. ఏటి అడుగు ఉపగ్రహానికి అసలు కనపడదు. లోతు కొలతలు తెచ్చి డెమ్‌లో ఏటిని ‘తవ్వకపోతే’ మొదటి హెచ్చరికకే లంకలన్నీ మునిగినట్టు వస్తుంది.

ఇక ఏటిగట్టు. దాని పైవెడల్పు కొద్ది మీటర్లే కాబట్టి 30 మీటర్ల గడిలో కరిగిపోతుంది. గట్టు గీతను ఎత్తుతో సహా రివర్‌వాల్‌గా (నీటిని ఆపే సన్నని గోడగా) ఇచ్చి, అదే గీతను మెష్‌లో, అంటే త్రికోణాల వలలో, బ్రేక్‌లైన్‌గా (త్రికోణాల అంచులు దాని వెంటే పడేలా) పెట్టండి. లంకలు మాత్రమే చాలనుకుంటే గట్టునే మోడల్ అంచు చేయవచ్చు, పని తగ్గుతుంది. అయితే ఆ గట్టు ఎప్పటికీ పొర్లదు, గండీ పడదు.

మెష్ ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా ఉండాలి. ఒక్క వశిష్ఠనే కోసుకుంటే ఆ పాయకు ఎంత వాటా వెళ్తుందో మీరే ఊహించాల్సి వస్తుంది. త్రికోణాలు లంకల్లో 1,000 చదరపు మీటర్ల లోపు, ఏట్లో 10,000 దాకా సరిపోతాయి. ఎక్కడో ఒక్క త్రికోణం మరీ చిన్నదైనా మొత్తం లెక్క నత్తనడకే. గట్టు గీతలో దగ్గరదగ్గరగా పడ్డ చుక్కలు తీసేయండి.

మానింగ్ గరుకుదనానికి (నేల నీటి వేగాన్ని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) ఏట్లో 0.03, వరిచేలో 0.05, తోటలో 0.1తో మొదలుపెట్టి తర్వాత సరిచేసుకోవచ్చు.

నీటిని బ్యారేజీ దిగువన ఏటికి అడ్డంగా గీసిన గీత దగ్గర, మోడల్లోకి నీరు పోసే ఇన్‌లెట్ ఆపరేటర్‌తో వదలండి. అది సెకనుకు ఘనపు మీటర్లే అడుగుతుంది: 10 లక్షల క్యూసెక్కులంటే 28,317. సముద్రం అంచున నీటిమట్టాన్ని ఆటుపోట్ల ప్రకారం కాలంతో మార్చండి. తుపాను ఉప్పెన చూడాలంటే ఆ మట్టాన్నే పెంచాలి. ముందు ఏరు నిండి నిలకడయ్యేదాకా తక్కువ ప్రవాహంతో నడిపి, ఆపైన వరద పెట్టండి.

ఫలితంలోని ‘స్టేజ్’ లోతు కాదు, నీటిమట్టం. నేల ఎత్తు తీసేస్తేనే లోతు. సరిచూసుకోవడానికి 25 లక్షల క్యూసెక్కులు దాటిన 2022 జులై వరద అనువైనది. అప్పటి ముంపు చూడటానికి సెంటినెల్-1 ఉపగ్రహం రాడార్ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. నాట్లకు నీళ్లు పెట్టిన చేలు కూడా అందులో వరదలాగే కనిపిస్తాయి కాబట్టి, వరదకు ముందటి చిత్రంతో పోల్చి వాటిని తీసేయండి. కొబ్బరి ఆకుల కింది నీరు మాత్రం ఆ రాడార్‌కు సరిగా చిక్కదు. అక్కడ ఇళ్ల గోడల మీది వరద మరకలే కొలుచుకోవాలి.