రాత్రంతా నడిచే కంప్యూటర్‌కు అప్‌డేట్ వేళ మనమే పెట్టాలి

గాజువాకలో పెళ్లి వీడియోల ఎడిటింగ్ నా వృత్తి. మూడు గంటల పెళ్లి వీడియో ఫైలుగా బయటికి రావాలంటే కంప్యూటర్ రాత్రంతా రెండరింగ్ చేస్తూనే ఉండాలి. మధ్యలో ఆగిందా, అప్పటిదాకా తయారైన ఎంపీ4 ఫైలు సాధారణంగా తెరుచుకోదు. ఎందుకంటే ఏ దృశ్యం ఎక్కడుందో చెప్పే సూచిక ఫైలులో చివర్న రాయడమే మామూలు పద్ధతి. తెల్లవారుజామున విండోస్ తనంతట తాను రీస్టార్ట్ అయితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

అలాగని అప్‌డేట్లను పూర్తిగా ఆపేసే చిట్కాలు నన్ను అడగకండి. 2017 మేలో వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. దాన్ని అడ్డుకునే అప్‌డేట్ ఆ మార్చిలోనే వచ్చేసింది. వేసుకోని కంప్యూటర్లు దొరికిపోయాయి, వాటిలో మన రాష్ట్ర పోలీసులవీ ఉన్నాయి. పెళ్లివారి ఫొటోలన్నీ మన డిస్కులో పెట్టుకుని తలుపు తెరిచి పడుకోలేం కదా.

ముందుగా చూడాల్సింది యాక్టివ్ అవర్స్, అంటే విండోస్ తనంతట తాను రీస్టార్ట్ కాకూడని వేళలు. విండోస్ 11లో సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిస్తే కనిపిస్తుంది. అక్కడ ‘ఆటోమేటిక్’ అని ఉంటే మన వాడకాన్ని బట్టి విండోస్ ఒక అంచనా వేసుకుంటుంది. నాలాంటి వాళ్లకు ఆ అంచనా పనికిరాదు. రాత్రి ఎవరూ మౌసు ముట్టుకోరు, పని మాత్రం జరుగుతూనే ఉంటుంది. అందుకే ‘మాన్యువల్’ ఎంచుకుని వేళలు మనమే ఇవ్వాలి. 18 గంటలకు మించి ఇవ్వనివ్వదు. నేను సాయంత్రం 6 నుంచి మర్నాడు మధ్యాహ్నం 12 వరకు పెట్టాను. ఇక రీస్టార్ట్‌కు మిగిలింది మధ్యాహ్నం పూట, అప్పుడు నేను ఎదురుగానే ఉంటాను. అదే పేజీలో రీస్టార్ట్ అవసరమైతే తెలియజేయమనే మీట ఉంటుంది, దాన్నీ ఆన్ చేయండి.

అప్‌డేట్ ఎప్పుడు వస్తుందో ఊహించాల్సిన పని లేదు. మైక్రోసాఫ్ట్ నెలనెలా ఇచ్చే భద్రతా అప్‌డేట్ రెండో మంగళవారం విడుదలవుతుంది. అమెరికాలో అప్పుడు ఉదయం, మనకు రాత్రి పదిన్నర, చలికాలంలో అయితే పదకొండున్నర. కాబట్టి ఆ మర్నాడు బుధవారం మధ్యాహ్నం భోజనానికి లేచే ముందు నేనే రీస్టార్ట్ నొక్కుతాను. రోజూ షట్‌డౌన్ చేస్తున్నాం కదా, మళ్లీ ఇదెందుకు అని చాలామంది అడుగుతారు. కంప్యూటర్ త్వరగా తెరుచుకోవడానికి విండోస్‌లో ఉండే ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం పూర్తిగా కొత్తగా మొదలవదు. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ దగ్గర అప్‌టైమ్, అంటే ఎంతసేపటి నుంచి నడుస్తోందో చూడండి, కిందటి వారం నుంచి నడుస్తున్నట్టు చూపించినా ఆశ్చర్యపోవద్దు.

మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే మాకు ఊపిరాడదు. ముహూర్తాలు వరసగా ఉంటే ‘పాజ్ అప్‌డేట్స్’ వాడండి. వారం నుంచి ఐదు వారాల దాకా ఆపుకోవచ్చు. గడువు అయ్యాక, ఆగిన అప్‌డేట్లు వేసుకుంటే గానీ మళ్లీ ఆపనివ్వదు. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ మార్పును నేను ఆషాఢానికి అట్టే పెడతాను. ఆ నెలలో పెళ్లిళ్లూ ఉండవు, అడిగేవాళ్లూ ఉండరు. కొత్త వెర్షన్‌తో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పేచీ పెడితే పది రోజుల్లోపు సెట్టింగ్స్‌లోని రికవరీ నుంచి పాతదానికి తిరిగి వెళ్లవచ్చు. ఆలోపు డిస్క్ క్లీనప్ చేసి పాత ఫైళ్లు చెరపకండి.

ఫోను హాట్‌స్పాట్ మీద పనిచేసేవాళ్లు ఆ వైఫై ప్రాపర్టీస్‌లో ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్ చేస్తే పెద్ద డౌన్‌లోడ్లు ఆగుతాయి. లేకుంటే రోజు డేటా పొద్దున్నే హరించుకుపోతుంది. ఇక కరెంటు. యూపీఎస్ ఇచ్చే కొద్ది నిమిషాలు ఫైలు సేవ్ చేసి కంప్యూటర్ ఆపుకోవడానికే, పెద్ద అప్‌డేట్ పూర్తి కావడానికి చాలవు. అక్టోబరు, నవంబరు నెలల్లో విశాఖ తుఫాను హెచ్చరిక కేంద్రం ప్రకటన వచ్చిందంటే ఆ రోజుకు రీస్టార్ట్ మాట తలపెట్టకండి. 2014లో హుద్‌హుద్ చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

పొద్దున్నే వచ్చి చూస్తే కంప్యూటర్ లాగిన్ తెర మీద ఉందనుకోండి. వెంటనే అప్‌డేట్‌ను తిట్టకండి. కంప్యూటర్‌లో ఏం జరిగిందో రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లో ఈవెంట్ ఐడీలు చూడండి. 1074 ఉంటే ఏదో ప్రోగ్రామో మనిషో అడిగి రీస్టార్ట్ చేయించినట్టు. ఎవరు అడిగారో, ఎన్ని గంటలకో ఆ వరుసలోనే రాసి ఉంటుంది. 41 కనిపించి, పక్కన కెర్నల్ పవర్ అని ఉంటే సవ్యంగా షట్‌డౌన్ కాకుండానే ఆగిపోయింది. ఎక్కువగా అది కరెంటు పోయినప్పుడే, అప్పుడప్పుడు యంత్రం బిగుసుకుపోయినా వస్తుంది. మా వీధి కుర్రాళ్లు అప్‌డేట్ వల్లే ఆగిందని నా దగ్గరికి తెచ్చే కంప్యూటర్లలో ఎక్కువగా కనిపించేది ఈ 41 అంకే. వాళ్లకు కావలసింది మంచి బ్యాటరీ.