స్టేజ్ రేస్‌కు బయలుదేరే ముందు చూసుకోవాల్సినవి

వరంగల్, హనుమకొండ నుంచి నాలుగైదు రోజుల సైకిల్ రేస్‌కు వెళ్లేవాళ్ల కోసం. ఇందులో ఒక్కో రోజు తొక్కేదాన్ని ఒక స్టేజ్ అంటారు.

• కొత్త సీటు, కొత్త బూట్లు రేస్‌లోనే మొదలుపెట్టొద్దు. ముందు ములుగు రోడ్డు మీద లాంగ్ రైడ్లు పడాలి. యాసంగి కోతలప్పుడైతే రోడ్డు మీద ఆరబోసిన వడ్లు చూసుకోండి, బ్రేక్ వేస్తే చక్రం జారిపోతుంది.

• టైరు రబ్బరును చుట్టూతా దగ్గరగా చూడండి. అందులో ఇరుక్కున్న చిన్న గాజుముక్క మొదటిరోజు ఏమీ అనదు, రెండోరోజు పంక్చర్ చేస్తుంది. స్పేర్ గేర్ హ్యాంగర్ (వెనక గేర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క) మీ ఫ్రేమ్‌కు సరిపోయేదే కొనండి, పక్కవాడిది పట్టకపోవచ్చు.

• షార్ట్స్ రోజుకో జత. స్టేజ్ అయిపోగానే విప్పేసి స్నానం చేయండి. చెమట బట్టలతో ఫొటోలు దిగుతూ కూర్చుంటే కురుపులొస్తాయి, మర్నాడు సీటు మీద కూర్చోలేరు. నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త ఇదే.

• తొక్కేటప్పుడు గంటకు కనీసం 60 గ్రాముల కార్బోహైడ్రేట్ పడాలి. మామూలు అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటుంది. ఆకలయ్యేదాకా ఆగొద్దు. ముందురాత్రి బిర్యానీ వద్దే వద్దు.

• ర్యాంకు అన్ని రోజుల టైం కలిపి ఇస్తారు కాబట్టి మొదటిరోజే ఊపిరి మొత్తం పెట్టేయకండి. టైం కట్ (స్టేజ్ ముగించాల్సిన గడువు, దాటితే రేస్ నుంచి తీసేస్తారు) ఎంతో రూల్స్‌లో ముందే చదువుకోండి.