మెరుగుపెట్టిన పాత కత్తి అసలుదేనా? ఎక్కడ చూడాలంటే

పాత కత్తికి మెరుగు పెట్టించినంత మాత్రాన అది నకిలీ అయిపోదు. ఒర మార్చి ఉండొచ్చు, పిడికి కొత్త చుట్టు వేసి ఉండొచ్చు, అదంతా మామూలే. కాకపోతే మెరుగుపెట్టినవాళ్ల చెయ్యి పడిన చోట వయసు కనిపించదు, అందుకని చెయ్యి పడని చోట వెతకాలి.

జపాన్ కత్తి అయితే ఈ పని కాస్త సులువు. పిడికి అడ్డంగా ఉండే వెదురు మేకు తీయిస్తే లోపలి ఇనుప కొస, అంటే నకాగో, బయటపడుతుంది. అలుగుకి, అంటే కోసే రేకుకి, ఎన్నిసార్లు సాన పట్టినా నకాగో మీది తుప్పును మాత్రం ముట్టుకోకపోవడం అక్కడి పద్ధతి. బాగా పాత తుప్పు నల్లగా, ముదురు గోధుమరంగులో లోహానికి అతుక్కుపోయి ఉంటుంది. వేలితో రుద్దగానే నారింజరంగు పొడి అంటుకుంటే అనుమానించాల్సిందే. పనివాడి పేరు చెక్కి ఉంటే భూతద్దంతో ఆ ఉలి గీతల అడుగు చూడండి, చుట్టూ నల్లటి తుప్పు ఉండి గీతల్లో మాత్రం లోహం మెరుస్తోందంటే ఆ పేరు తర్వాతెప్పుడో చెక్కిందే. కత్తి అసలుదై పేరు మాత్రం దొంగదైన కేసులు బోలెడు. పేరే లేదని కూడా కంగారుపడొద్దు, పొడవు తగ్గించినప్పుడు పేరున్న ముక్క పోయి ఉండొచ్చు.

జపాన్ కత్తి పదును వెంట మబ్బులా సాగే తెల్లటి గీతను హమోన్ అంటారు, దాన్ని బల్బు వెలుగులో వాల్చి చూడండి. నిజమైన దాన్లో చాలాసార్లు సన్నటి రేణువులు మిలమిలలాడతాయి, యాసిడ్‌తో గీసింది ఒకే బూడిదరంగులో చప్పగా ఉంటుంది.

మన తల్వార్ల విషయం వేరు. పిడిని లక్కతో బిగిస్తారు కాబట్టి ఊడదీసి చూడటం కుదరదు, దయచేసి సొంతంగా వేడి చేయకండి. అలుగు పిడిలోకి దూరే సందులో టార్చ్ వేసి చూడండి. గాజులా మెరిసే ఎపాక్సీ జిగురు కనిపిస్తే ఈమధ్య ఎవరో బిగించారని మాత్రమే అర్థం, అలుగు పాతదే కావచ్చు. యూరప్ అలుగుకి మన పిడి వేసిన ఫిరంగీలు ఆ రోజుల్లోనే ఉండేవి. పిడి మీద బంగారు పనిని కోఫ్త్‌గరీ అని చెబుతుంటే, బంగారం అరిగిన చోట అడుగున సన్నటి అడ్డదిడ్డం గీతలు ఉండాలి, బంగారు తీగ పట్టేది వాటిలోనే. అసదుల్లా అనే పేరుమోసిన ఇరాన్ పనివాడి పేరు చూసి మాత్రం మురిసిపోవద్దు, ఆ పేరు లెక్కలేనన్ని అలుగుల మీద ఉంది.

జపాన్ కత్తికి సర్టిఫికెట్ చూపిస్తే పేపర్ మీది నకాగో ఫొటోనూ చేతిలో ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టండి: మేకు రంధ్రం ఎక్కడుంది, పేరు చెక్కిన తీరు ఎలా ఉంది, పొడవు ఎంత. ఒక్కటి తేడా వచ్చినా ఆ పేపర్ ఇంకో కత్తిది కావచ్చు.