స్కూబా మొదటి కోర్సు నిరాశపరిచిందా? ముందుకెళ్లాలో మానాలో తేల్చుకోవడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి స్కూబా (సిలిండర్ గాలి పీలుస్తూ నీటి అడుగున తిరగడం) నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందు విశాఖ వైపే చూస్తారు. పొద్దున్నే బస్సెక్కితే రుషికొండ చేరిపోవచ్చు. కాస్త డబ్బు కూడబెట్టినవాళ్లు అండమాన్ వెళ్తారు. ఎక్కడ చేసినా కొందరు మొహం వేలాడేసుకుని తిరిగొస్తారు. నీళ్లలో ఏమీ కనపడలేదు, చెవులు పోటు పెట్టాయి, సార్ తొందరపెట్టాడు. కోర్సు పాసైనట్టు కార్డయితే చేతికొచ్చింది గానీ మళ్లీ దిగాలంటే టెన్షన్. సరిగ్గా అప్పుడే సెంటర్ నుంచి మెసేజ్ వస్తుంది: దీని తర్వాతిదైన అడ్వాన్స్‌డ్ కోర్సుకి ఇప్పుడే కట్టేస్తే తగ్గింపు అని.

ఆ డబ్బు ఇప్పుడే కట్టకండి. అలాగని "మనకి పడదులే" అని వదిలేయనూ వద్దు. కోర్సు బాగోలేదంటే ఆ కోర్సు బాగోలేదనే అర్థం. డైవింగ్ మీకు పడుతుందా లేదా అన్నది విడిగా తేల్చుకోవాలి. దానికి పెద్దగా ఖర్చు కూడా అవదు.

ముందు, మీరు చేసింది ఏ కోర్సో చూసుకోండి

చాలామంది ఒక్కరోజు డైవ్ చేసి, అదే కోర్సు అనుకుంటారు. అది రుచి చూపించడం మాత్రమే. ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని తిప్పుతాడు, 12 మీటర్లు దాటనివ్వడు, చివర్లో ఒక సర్టిఫికెట్ కాగితం ఇచ్చినా దానితో ఇంకోచోట దిగనివ్వరు. అసలు సర్టిఫికేషన్ ఓపెన్ వాటర్ డైవర్. థియరీ చదవాలి, పూల్‌లోనో లోతులేని ప్రశాంతమైన నీళ్లలోనో స్కిల్స్ చేసి చూపించాలి, ఆ తర్వాత సముద్రంలో 4 డైవ్‌లు చేయాలి. అది పాసైతే తోటి డైవర్‌తో కలిసి 18 మీటర్ల దాకా వెళ్లొచ్చు. 200 మీటర్లు ఆగకుండా ఈదడం, 10 నిమిషాలు తేలడం కూడా అందులో భాగమే. ఈతకి టైమ్ లిమిట్ ఉండదు.

మీరు చేసింది మొదటి రకమైతే ఇక్కడ నిరాశపడాల్సిందేమీ లేదు, మీరింకా మొదలే పెట్టలేదు. ఓపెన్ వాటర్ సగంలో ఆగిపోయి ఉంటే పాత సెంటర్‌ని రెఫరల్ కాగితం (ఎంతవరకు పూర్తిచేశారో రాసిచ్చేది) అడగండి. ప్యాడీ (PADI) లాంటి, డైవర్లకి కార్డులిచ్చే ఏజెన్సీల్లో, పూర్తిచేసిన భాగం 12 నెలల దాకా చెల్లుతుంది. మిగతాది ఇంకో ఊళ్లో, ఇంకో ఇన్‌స్ట్రక్టర్ దగ్గర పూర్తిచేసుకోవచ్చు. కార్డు వచ్చేసి ఉంటే దానికి గడువు లేదు, తొందరా లేదు.

బాగోలేనిది ఏదో విడదీయండి

ఒక కాగితం తీసుకుని ఒక్కో డైవ్‌లో ఏం జరిగిందో రాయండి. "బాగోలేదు" అని కాదు, ఏ క్షణంలో బాగోలేదో రాయాలి. దిగుతున్నప్పుడా, అడుగున మోకాళ్ల మీద కూర్చున్నప్పుడా, పడవలో వాంతులైనప్పుడా? రాస్తే చాలావరకు మూడు మూలాలు బయటపడతాయి: నీళ్లు, ఒళ్లు, నేర్పిన తీరు.

నీళ్ల సంగతి మన తీరంలో పుట్టినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. నాగావళి, వంశధార, చంపావతి, గోస్తని అన్నీ మట్టి తెచ్చి బంగాళాఖాతంలోనే కలుపుతాయి. కళింగపట్నంలోనో చింతపల్లిలోనో వేటకెళ్లేవాళ్లని అడగండి, నీరు ఎప్పుడు తేరుతుందో ఎప్పుడు కలకబారుతుందో వాళ్లకి తెలుసు. వరద నీరు దిగే రోజుల్లో, తుపాను వచ్చిపోయిన వారంలో దిగితే చాచిన చెయ్యి కూడా మసకగా కనిపిస్తుంది. వీడియోల్లో చూసిన నీలం నీళ్లు, రంగు చేపలు అక్కడ దొరకవు. మీ నిరాశంతా "ఏమీ కనపడలేదు" అన్నదే అయితే అది చాలా చిన్న సమస్య. కాలం మార్చాలి, లేదంటే చోటు మార్చాలి.

ఒంటి సమస్యల్లో మొదటిది చెవులు. పైనుంచి 10 మీటర్లు దిగేసరికే ఒత్తిడి రెట్టింపవుతుంది కాబట్టి చెవులకి అసలు కష్టం అడుగున కాదు, మొదటి నాలుగైదు మీటర్లలోనే. నొప్పి మొదలయ్యాక ముక్కు మూసి ఊదితే లాభం లేదు. తల నీళ్లలో మునగగానే మొదలుపెట్టి, కాళ్లు కిందకి పెట్టి నిదానంగా దిగుతూ, మీటరుకోసారి మెల్లగా ఊదాలి. పట్టేస్తే ఒక మీటరు పైకొచ్చి మళ్లీ ప్రయత్నించాలి. జలుబుంటే ఆ రోజు దిగకూడదు. మీ కోర్సులో ఇంత నిదానంగా దింపారా? తాడు పట్టుకుని గబగబా దింపేసి ఉంటే తప్పు చెవులది కాదు. ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే మాత్రం సంగతి వేరు. మెడికల్ ఫారంలో అన్నిటికీ "లేదు" అని టిక్కు పెట్టేసి ఉంటే, ఈసారి ముందు డాక్టర్ దగ్గరికే వెళ్లండి.

ఇక నేర్పిన తీరు. నేను చూసినంతలో ఎక్కువ గొడవ ఇక్కడే. బ్రీఫింగ్ హిందీలోనో ఇంగ్లిష్‌లోనో గడగడా చెప్పేస్తారు. మనవాళ్లు మొహమాటానికి తలూపేస్తారు. నీళ్లలోకి దిగాక సార్ "బాగుందా?" అని సైగ చేస్తాడు. మనవాడు హుషారుగా బొటనవేలు పైకెత్తుతాడు. డైవింగ్‌లో బొటనవేలు ఎత్తితే "పైకి పోదాం" అని అర్థం. సార్ పట్టుకుని పైకి తీసుకెళ్లిపోతాడు. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు సున్నాలా కలపాలి. ఇంత చిన్న విషయం తెలియక డైవ్ పాడైనవాళ్లు నాకు తెలుసు.

ఇంకోటి బరువులు. కొత్తవాళ్లు అడుగున కదలకుండా కూర్చోవాలని కొన్నిచోట్ల నడుముకి ఒకటి రెండు దిమ్మలు ఎక్కువే కట్టేస్తారు. దానికి విరుగుడుగా ఒంటికి తొడిగిన గాలి జాకెట్‌లోకి గాలి కొట్టాలి, అప్పుడు పైకి లేస్తారు, గాలి తీస్తే దబ్బున కిందకి. డైవంతా ఇదే ఆట. ఒంట్లో బలం లేదని, ఈత చాలదని మీరు అనుకుని ఉండొచ్చు. సరైన బరువైతే, జాకెట్ ఖాళీ చేసి, మామూలు శ్వాస బిగబట్టి నిటారుగా ఉంటే నీళ్లు కళ్ల మట్టానికి వస్తాయి. ఈ పరీక్ష మీకు చేయించకపోయి ఉంటే, మీ బాయన్సీ (నీళ్లలో మునగకుండా, పైకి లేవకుండా నిలబడే పట్టు) గురించి ఇప్పుడే తీర్పు చెప్పుకోకండి.

తర్వాత బకెట్ దగ్గరికి వెళ్లండి

సగం భయాలు మాస్క్‌లోకి నీళ్లొచ్చినప్పుడే పుడతాయి. నోట్లో రెగ్యులేటర్ (సిలిండర్ గాలి అందించేది) ఉంది, గాలి అందుతోంది, అయినా ముక్కుకి నీళ్లు తగలగానే ముక్కుతో పీల్చేస్తాం. ఇది అలవాటు తాలూకు సమస్య. ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. ఒక స్నార్కెల్ (నోట్లో పెట్టుకుని గాలి పీల్చే గొట్టం) కొనండి. పెద్ద బకెట్‌లో నీళ్లు పోసి, మాస్క్ లేకుండా ముక్కు మునిగేలా మొహం పెట్టి, నోటితోనే పీల్చి నోటితోనే వదలండి. ఇంట్లో ఎవరినైనా పక్కన ఉండమనండి. మొదట్లో పది సెకన్లకే తల పైకెత్తేస్తారు. రోజూ కాసేపు చేస్తే నిమిషాలపాటు హాయిగా ఉండగలుగుతారు. ఆ తర్వాత మాస్క్ పెట్టుకుని నడుంలోతు పూల్‌లో: పై అంచుని నుదుటికి నొక్కి, తల కొంచెం పైకెత్తి, ముక్కుతో నిదానంగా ఊదండి. నీళ్లు కిందనుంచి పోతాయి.

మీసాలున్నవాళ్లకో మాట. మాస్క్ కారడానికి చాలాసార్లు కారణం మీసమే. ముక్కు కింద సన్నగా ఒక గీత మేర గొరిగితే చాలు, మొత్తం తీసేయక్కర్లేదు.

ఇన్ని రోజులు చేసినా నీళ్లలో మొహం పెట్టడమే నరకంగా ఉంటే, అది పట్టించుకోవాల్సిన సమాధానం. రోజురోజుకీ తేలికవుతుంటే ముందుకెళ్లండి.

కొత్త కోర్సు కాదు, ఒకటి రెండు మామూలు డైవ్‌లు

అడ్వాన్స్‌డ్ అంటే 5 డైవ్‌లు, 30 మీటర్ల లోతు దాకా అనుమతి. 10 మీటర్లలోనే నిమ్మళంగా లేనివాళ్లకి 30 మీటర్ల కార్డెందుకు? కార్డున్నవాళ్లు రిఫ్రెషర్ అడిగి పూల్‌లో స్కిల్స్ ఒకసారి తిరగేసి, వేరే చోట, వేరే మనిషితో తక్కువ లోతులో సరదా డైవ్‌లు చేయండి. కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవి, అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హేవ్‌లాక్) లాంటిచోట్ల సీజన్‌లో నీళ్లు తేటగా ఉంటాయి. నేత్రాణిలో వానాకాలం డైవింగ్ ఉండదు, చూసుకుని వెళ్లండి.

డబ్బు కట్టే ముందు సెంటర్‌కి ఫోన్ చేసి అడగండి. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది? ఏజెన్సీలు ఎనిమిది మంది దాకా ఒప్పుకుంటాయి గానీ, భయపడినవాళ్లు నలుగురికి మించిన గుంపులో చేరకపోవడం మంచిది. ఒక స్కిల్ రాకపోతే ఇంకోరోజు ఇస్తారా, దానికి విడిగా తీసుకుంటారా? పడవలో ఎమర్జెన్సీ ఆక్సిజన్ ఉంటుందా? తెలుగు వచ్చినవాళ్లెవరైనా ఉన్నారా? "అదంతా చూసుకుంటాం, వచ్చేయండి" అంటే నేనైతే ఇంకో సెంటర్‌కి ఫోన్ చేస్తాను. ఇన్‌స్ట్రక్టర్ నంబరు అడిగి ప్యాడీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు కూడా.

ప్లాన్ వేసుకునేటప్పుడు ఇదీ చూడండి. ఒకే డైవ్ చేస్తే 12 గంటలు, ఎక్కువ చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదు. కొండెక్కడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. పొద్దున రుషికొండలో డైవ్, సాయంత్రం కార్లో అరకు అని ప్యాకేజీ చెబుతారు. అరకు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైనే. ముందురోజు అరకు వెళ్లిరండి, డైవ్ ఆ మర్నాడు పెట్టుకోండి.

మానేయాలనిపిస్తే

ఆ డైవ్‌ల తర్వాత "మళ్లీ ఎప్పుడు?" అనిపిస్తే అప్పుడు అడ్వాన్స్‌డ్ గురించి ఆలోచించండి. ఏమీ అనిపించకపోతే ఆపేయండి. పెట్టిన డబ్బు కోసం ఇంకా డబ్బు పెట్టడం ఇక్కడ ప్రమాదం కూడా, ఎందుకంటే ఇష్టంలేని మనిషి నీటి అడుగున తన తోటి డైవర్‌కి బరువవుతాడు. ఫ్రెండ్స్ గ్యాంగ్ అంతా వెళ్తున్నారని దిగకండి. పడవలో కూర్చున్నాక కూడా, సిలిండర్ తగిలించుకున్నాక కూడా "ఈరోజు నేను దిగను" అనొచ్చు. కారణం చెప్పక్కర్లేదు, అది డైవింగ్‌లో అందరూ ఒప్పుకున్న నియమమే.

పాత సెంటర్ స్కిల్స్ చేయించకుండానే కార్డిచ్చేసిందనిపిస్తే ఏజెన్సీకి మెయిల్ రాయండి, డైవ్‌ల తేదీలు, లాగ్‌బుక్ (డైవ్‌ల వివరాలు రాసుకునే పుస్తకం) ఫొటోలు జతచేసి. సామాను మాత్రం ఈ దశలో ఏదీ కొనకండి, మొహానికి సరిపోయే మాస్క్, పైన చెప్పిన స్నార్కెల్ తప్ప. స్కూబా మానేసినా స్నార్కెలింగ్‌కి అవి పనికొస్తాయి.